ముక్కుపుడక దిగ్విజయం

సకల నదుల తీపినీ మింగి కూడా తన ఉప్పదనం వదులుకోని సముద్రుడు రోజుకు రెండుసార్లు పోటెత్తి వచ్చి పలకరించి పోయే బందరు పట్టణంలో, కృష్ణవేణి రెండు పాయల చేతులు చాచి దివిసీమను చంటిబిడ్డలా పొదువుకున్న ఆ దిగువ దేశంలో, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మతి తప్పుతాయని భయపడిన జనం, అవి తప్పకపోయేసరికి ఎందుకో కొంచెం నిరాశపడిన ఆ రెండువేల సంవత్సరంలో, కార్తీకమాసపు ఒకానొక ఆదివారం సూర్యోదయవేళ, ఈడేపల్లి అద్దె ఇంటి వంటగదిలో, బియ్యం డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి అందులో దోపి, సాగరగర్భంలో రత్నం కోసం వెతికే గజ ఈతగానివలె కళ్ళు మూసుకుని దేవులాడుతున్న ధీరోదాత్తుణ్ణి ముందుగా తలుచుకుందాం.

అతడు ప్రకాశరావు. జిల్లా కోర్టులో కాపీయిస్టు. పరుల వాదప్రతివాదాలను పొల్లు పోకుండా తిరగరాయడంలో అద్వితీయుడు. పదిహేనుమంది ప్లీడర్ల చేతిరాతలను చూడగానే పోల్చుకుని, ఆ పదిహేనుమందిలో ఒక్కరు బజారులో ఎదురైనా పోల్చుకోలేని స్థితప్రజ్ఞుడు. కారణం, మనుషుల ముఖాలు అతడు చూడడు. చూడలేడు. ఎదుటివాళ్ళ కళ్ళు తనవైపు తిరుగుతున్నాయని తెలిసిన మరుక్షణం ఆ వీరుని చూపు, గద్ద నీడ పడిన కోడిపిల్లలా, దగ్గరలో ఉన్న చొక్కా బొత్తం కిందికో చేతి గడియారం కిందికో దూరిపోయేది. పెళ్ళిచూపుల్లో అతడు చూసింది మైసూరుపాకు పళ్ళెం, దాన్ని పట్టుకున్న వేళ్ళు. ఆ వేళ్ళు నచ్చి పెళ్ళి చేసుకున్నాడు. ఆ వేళ్ళ వెనక ఉన్న మనిషి పేరు సింధూర. గుడివాడ పిల్ల.

ఇక ఈ మహాసంగ్రామానికి మూలకారణం వినండి. భాద్రపదంలో ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు, అరుగు మీద విసనకర్ర పట్టుకుని కూర్చున్న సింధూర, ఏమీ తోచకో, ఎన్నాళ్ళుగానో తోచో, పమిట చెంగుతో ముక్కు కప్పుకుని అడిగింది.

"ఏవండీ, నా ముక్కుపుడక ఏ వైపుంటుంది?"

గుడివాడ నుంచి వచ్చి ఉన్న ఆమె తమ్ముడు రాజారత్నం ఈ ప్రశ్నకు సాక్షి. పెళ్ళినాటి ఫోటోల్లో జవాబు లేదు, ఎందుకంటే పెళ్ళినాటికి ఆ ముక్కు కుట్టి లేదు. పెళ్ళయిన ఏడాదికి, ముక్కుపుడక ఉంటే బాగుంటుందేమో అని ప్రకాశరావే ఒకసారి ఉప్మా పళ్ళెంతో అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె పుట్టింటికి వెళ్ళి, కళ్ళనీళ్ళు పెట్టుకుని కుట్టించుకుని వచ్చింది. అది జరిగి పద్నాలుగు నెలలు.

"ఎడమ," అన్నాడు ప్రకాశరావు.

సింధూర అవునని గానీ కాదని గానీ అనలేదు. నవ్వింది. మామూలు నవ్వే. కానీ ఆ నవ్వు మొదలవడానికి ముందు, ఒక రెప్పపాటు కాలం, ఏదో వచ్చి కూర్చుని లేచి వెళ్ళిపోయింది. ఆ రెప్పపాటు ప్రకాశరావు చెవిలో పడింది. ముఖాలు చూడనివాళ్ళకు చెవులు పదును.

"ఊరికే కంటితో చూడలేకపోతున్నారేమో, బావగారికి అద్దాలు కావాలక్కా," అన్నాడు రాజారత్నం.

"అద్దాల్లోంచే చూసి చెప్పమను. నాకు తొందరేం లేదు," అంది సింధూర.

తొందర లేదనడంలో ఉన్న జాలి కంటే లోకంలో పదునైన ఆయుధం మరొకటి లేదు. మర్నాటినుంచి అతడు ఫలాహారపు వేళ తల ఎత్తబోయినప్పుడల్లా అప్పటికే ఆ రెండు కళ్ళూ తన వైపు ఉండేవి, తల ఉప్మాలోకి వాలిపోయేది. అందుచేత, ఎలాగైనా ఆ ముక్కు చూసి తీరుతానని శపథం పట్టి, ఆ వీరుడు ప్యాసెంజరు రైలెక్కి గుడివాడ వెళ్ళి, స్టూడియో వేంకటేశ్వర్లు గారి దగ్గర ఒక ముసలి కెమెరాను, దానికి తగిన చవక టెలీ లెన్సును సంపాదించాడు. చేతులు చాచినంత పొడుగు కాకపోయినా చేతికి బరువైనది, గీతలు పడినది, ముందుమూత ఉండి వెనకమూత లేనిది ఆ కటకరత్నం. గాజు అడ్డం ఉంటే ఎంతటి ముఖాన్నైనా చూడవచ్చునని, చూస్తున్నది తను కాదు యంత్రమని సర్ది చెప్పుకోవచ్చునని అతని అంతరంగం అతనికి చెవిలో చెప్పింది.

తొలి దండయాత్ర గిలకలదిండి రేవు మీద జరిగింది. లెన్సు మీద అంకె తగ్గితే లోపలి రంధ్రం పెద్దదవుతుందనీ, రంధ్రం పెద్దదైతే బెత్తెడు మేరే స్పష్టంగా పడి తక్కినదంతా మసకబారుతుందనీ వేంకటేశ్వర్లు గారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. చిన్నది పెద్దదెలా అవుతుందని మథనపడుతూనే మన వీరుడు ముప్పై ఆరు బాణాలూ సంధించాడు. ఎదుటి కళ్ళు తనవైపు తిరిగేలోపే మీట నొక్కి పారిపోయే అలవాటు యంత్రం వెనక కూడా పోలేదు. కడిగించిన ఫోటోల్లో చేపల మీద వేసే ఐసుదిమ్మ, దాని ప్రతి పగులుతో సహా, వజ్రంలా మెరిసింది. దాని పక్కన పొగమంచులాంటి ఆకారం ఒకటి ఉంది. అది సింధూర అని రాజారత్నం చీర రంగును బట్టి నిర్ధారించాడు.

రెండవ దండయాత్ర తోట్లవల్లూరు ఏటిగట్టున. అక్కడ అన్నీ సరిగ్గా చేశాడు. ఒక్క ఫిల్ము కొస మాత్రం లోపలి చక్రానికి పట్టుకోలేదు. ముప్పై ఆరు మహాచిత్రాలూ శూన్యంలో కలిసిపోయాయి. అప్పుడే రాజారత్నం పందెం వేశాడు, మూడోసారి కూడా అక్క ముక్కు కనబడకపోతే కెమెరా తనదేనని. ప్రకాశరావు ఒప్పుకున్నాడు. పోయేది కెమెరా ఒక్కటే కాదని, గాజు లేని ముఖం ముందు తను మళ్ళీ ఒంటరిగా నిలబడాలని అతనికొక్కడికే తెలుసు.

ఇప్పుడు బియ్యం డబ్బా సంగతి. బందరు ఉప్పుగాలికి లెన్సులో బూజు పడుతుంది, చెమ్మ తగలని చోట పెట్టుకోండి అన్నారు వేంకటేశ్వర్లు గారు. ఉప్పు చెమ్మగిల్లకుండా ఉప్పు సీసాలో సింధూర నాలుగు బియ్యపు గింజలు వెయ్యడం ప్రకాశరావు చూశాడు. నాలుగు గింజలకే అంత మహిమ ఉంటే డబ్బాడు బియ్యానికి ఎంతుండాలి? లెన్సును అందులో పాతిపెట్టాడు. ఆకుల్లో కూడా చెమ్మ ఉంటుంది కదా అని, డబ్బాలో సింధూర వేసి ఉంచిన వేపాకు రెబ్బలన్నీ ఏరి పారేశాడు. ఆ బియ్యం అత్తవారు పంపిన ఏడాది పాతబియ్యం. అన్నం విడివిడిగా, మల్లెమొగ్గల్లా ఉంటుందని కృష్ణా జిల్లావాళ్ళు ప్రాణం పెట్టే పాతబియ్యం. అటువంటి బియ్యంలోంచి వేపాకు తీసేస్తే ఏమవుతుందో ఏడేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. ప్రకాశరావు ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముఖం చూడాలి.

అలా ఆ ఉదయం తండులగర్భం నుంచి కటకాన్ని ఉద్ధరించి, పై పంచెతో తుడిచి, కెమెరాకు బిగించి, భార్యాబావమరుదులు వెంట రాగా, పులిహోర పొట్లాల సువాసన దిక్కులు నింపగా, అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన ఆసీనుడై, అక్కడినుంచి కోడూరు మీదుగా ఆటోలో ఎగిరెగిరి పడుతూ, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఇసుక మీద అతడు పాదం మోపాడు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి ముప్పై అయిదు బాణాలు ఖర్చయిపోయాయి. పడవలు, కొంగలు, పులిహోర తింటున్న రాజారత్నం. అన్నీ ముఖాలు కానివి, లేదా భయపెట్టని ముఖాలు. ఒక్కటి మిగిలింది. సింధూర బోర్లించిన పడవ అంచున కూర్చుంది. ప్రకాశరావు నాలుగు బారల దూరంలో ఇసుకలో ఒక మోకాలు పాతి, కెమెరా కంటికి ఆనించాడు.

లోపల ఆమె ముఖం ఇంకా మసకగా, నీళ్ళలో కదిలే చంద్రబింబంలా ఉంది. ఆ మసకలో, ముక్కుకు ఆమె ఎడమవైపున, ఒక్క నల్లని చుక్క మాత్రం సూదిమొనలా స్పష్టంగా ఉంది.

ఎడమ. తను చెప్పింది నిజమే. ఆ క్షణాన అతని హృదయంలో మోగిన భేరీలకు తీరం ప్రతిధ్వనించకపోవడం ఆశ్చర్యం. పద్నాలుగు నెలలు చూడకుండానే చూసిన మహాత్ముడు తాను. చవక లెన్సని ఎగతాళి చేశారే, ముఖమంతా వదిలి ముక్కుపుడకను మాత్రమే ఏరి చూపించగల లెన్సు ఈ భూమండలంలో ఎవరి దగ్గరుంది? అతడు మీట మీద వేలు వేశాడు.

ముక్కుపుడక నడిచింది.

నింపాదిగా, ఆరు కాళ్ళ మీద, బుగ్గ మీదుగా దిగి, పెదవి అంచున ఒక క్షణం ఆలోచించి, గడ్డం చుట్టి, మళ్ళీ పైకి ఎక్కి, ఎడమ కంటిలో స్థిరపడింది. ఏనుగు తామరకొలనులో దిగినట్టు. పాతబియ్యపు పురుగు. వెనకమూత లేని లెన్సులో చొరబడి, బస్సు కుదుపులకు కెమెరాలోకి పాకి, బొమ్మ పడే లోపలి గాజుపలక మీద విహరిస్తున్న పురుగు.

ప్రకాశరావు కెమెరాను ఊపాడు. తట్టాడు. లెన్సు ఊడదీసి ఊదవచ్చును, కానీ ఇసుక గాలిలో లెన్సు విప్పితే కెమెరా చచ్చిపోతుందని వేంకటేశ్వర్లు గారు ఒట్టు పెట్టించుకున్నారు. అప్పుడు ఆ మహారథుడు, పైకి నిశ్శబ్దంగానూ లోపల మేఘగర్జనతోనూ ఇలా పలికాడు.

"ఓరీ తండులగర్భసంభవా, షట్పాదచారీ, మా అత్తవారింటి పాతబియ్యమును ఏడాదిపాటు నమిలి బలిసినది చాలక, నేడు నా ధర్మపత్ని వదనమండలమున విహారయాత్ర సలుపుచుంటివా? ఊదినచో ఎగిరిపోవు అల్పుడవు, కాని నిన్ను ఊదుటకు నాకు దారి లేదు. పారిపోవుటయందు నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడని నీకెవ్వరో చెప్పియుందురు. అది నిన్నటి మాట. నీవు తొలగువరకు నేను కన్ను తీయను."

ఇంత మహోపన్యాసంలో పైకి వినబడింది, "కొంచెం ఆగండి," అన్న రెండు మాటలే.

"నవ్వీ నవ్వీ మా అక్క బుగ్గలు పట్టేశాయి బావగారూ. పొద్దుగూకితే చివరి బస్సు మనకోసం ఆగదు," అన్నాడు రాజారత్నం.

అతడు కదల్లేదు. పురుగు నుదుటి మీద ఉంటే నుదురు చూశాడు, జరిగితే అది జరిగినచోట ఏం కప్పిందా అని చూశాడు. శత్రువు అడుగులను కనిపెట్టడానికి ఆ దేశం అణువణువూ తెలియాలి, అందుకు లెన్సు వలయాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. ఎడమ కనుబొమ్మ కింద చిన్న గాటు, ఎప్పటిదో. పై పెదవి మీద సన్నని చెమట. రెండు, మూడు, అయిదు నిమిషాలు. నవ్వి నవ్వి విసిగిన సింధూర నవ్వడం మానేసింది. తన్నెవరో చూస్తున్నారన్న మాటే మరిచి, ఒళ్ళో ఉన్న ఉడకబెట్టిన వేరుశనక్కాయల మీద పడింది. కాయను పంటితో చిట్లించి, ఉప్పునీళ్ళు చిమ్మి బుగ్గ మీద పడితే కళ్ళు చికిలించి, తనలో తనే ఏదో అనుకుంది. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. ఈమె ఇలా ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు.

వేళ్ళు వాటంతటవే ఆ వలయాన్ని ఇంకాస్త తిప్పాయి. మిగిలిన మసకా విడిపోయింది. పురుగు ఆమె ముక్కుకు ఎడమవైపున తిరిగి వచ్చి నిలిచింది. సరిగ్గా అదే క్షణాన రెండోవైపున, నడవనిది, మినపగింజంతది ఒకటి, ఎండ తగిలి మెరిసింది.

పురుగు ఎందుకో విసిగి, బుగ్గ దాటి, చెవి దాటి, సముద్రం మీదుగా నడిచి, దిగంతరేఖ అవతలికి నిష్క్రమించింది. మీట టక్కుమంది. ఫిల్ము అయిపోయింది.

ప్రకాశరావు కెమెరా దించాడు. గాజు లేదు, యంత్రం లేదు. ఆమె తలెత్తి చూసింది. అలవాటు చొప్పున చొక్కా బొత్తం కోసం కిందికి బయలుదేరిన అతని చూపు సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చింది.

"కుడివైపు," అన్నాడు.

సింధూర వేరుశనక్కాయ నములుతూ కాసేపు అతణ్ణే చూసింది.

"ఎవరి కుడి?"

జిల్లా కోర్టులో ఏ ప్లీడరూ ఇంతటి క్రాస్ వెయ్యలేదు. ఎదురుగా ఉన్న మనిషి కుడి తన ఎడమ. తన ఎడమ ఆమె... లెక్క తల్లకిందులైంది. అప్పుడతడు లెక్క మానేశాడు. నాలుగు బారల ఇసుకనూ దాటి వెళ్ళి, చూపుడువేలు చాచి, ముక్కుపుడకకు వెంట్రుకవాసి దూరంలో ఆపాడు.

"ఇదిగో. ఇక్కడ."

"ఊఁ," అంది సింధూర. ఈసారి నవ్వుకు ముందు ఖాళీ లేదు. "చేతికి ఇసుకుంది. తాకకండి."

తరువాతి ఆదివారం గుడివాడలో ఫోటోలు వచ్చాయి. ముప్పై ఆరోదానిలో సముద్రం ఒక పక్కకు ఒరిగి ఉంది, నుదురు సగం తెగింది, ఒక మూల రాజారత్నం మోచెయ్యి పడింది. లోపల రంధ్రం పెద్దది కావడంచేత కళ్ళు సైతం కాస్త మసకబారాయి. ముక్కుపుడక మాత్రం పడింది, దాని రాయిలో ఆకాశంతో సహా. పురుగు ఎక్కడా లేదు. ఒక్క ఫోటోలోనూ లేదు.

"పురుగూ లేదు, ఏమీ లేదు. చేతకాక బావగారు కల్పించారు," అన్నాడు రాజారత్నం.

వేంకటేశ్వర్లు గారు కెమెరా విప్పారు. లోపలి పలక మీద ఉన్నది మనకే కనబడుతుందనీ, ఫిల్ము మీద ఎన్నటికీ పడదనీ చెప్పారు.  అలాంటివి తనలో ఇంకెన్ని నడుస్తున్నాయో అని ప్రకాశరావు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంతలో కెమెరా అంచున ఆరు కాళ్ళు, వాటి వెనక మిగతా శరీరం ప్రత్యక్షమై, బల్ల మీదికి దిగి, తలుపువైపు తన దారిన తాను సాగిపోయింది. రాజారత్నం పందెం గురించి మళ్ళీ ఎత్తలేదు.

"ఇంటికెళ్ళగానే డబ్బాలో వేపాకు వెయ్యాలి," అంది సింధూర.

ఈ గాథ విన్నవారి బియ్యం పురుగు పట్టదని చెప్పలేను, వారి లెన్సులకు బూజు రాదని హామీ ఇవ్వలేను. జరిగినది మాత్రం దిక్కులకు చాటుతున్నాను. మూడు దండయాత్రలలో, నూట ఎనిమిది బాణాలు వ్యయపరచి, షట్పాదచారిని ఓర్పుతో ఓడించి, బందరు వాస్తవ్యుడైన ప్రకాశరావు తన సొంత భార్య ముక్కుపుడక, ఆమె కుడివైపున, ఉన్నదని కనుగొన్నాడు.