ప్రయోగశాలకి పిడికిలంత తాళం

సైన్సు చల్లగా ఉండాలంటే సైన్సు ల్యాబుకి తాళం వేసి ఉంచాలి!

ఈ మాట కోపంతో అనడం లేదు. బాగా ఆలోచించి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, స్థిమితంగా అంటున్నాను. ల్యాబులు తెరవాలి, పిల్లలు తమ చేత్తో చేసి నేర్చుకోవాలి అని సభల్లో ఉపన్యాసాలు దంచేవాళ్ళని ఒక్కటే అడుగుతాను. అయ్యా, మీ ఇంట్లో గాజు సామాను పిల్లల చేతికిస్తారా? ఇవ్వరు కదా! మరి బడికి మాత్రం ఎందుకండీ ఆ శిక్ష?

మా అమ్మాయి చదివే బడిలో ల్యాబు ఉంది. లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. మెట్ల పక్కన మూడో గది. తలుపు మీద 'ప్రయోగశాల' అని బోర్డు, బోర్డు కింద పిడికిలంత తాళం. ఆ తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంటుంది. బీరువా తాళంచెవి గుమస్తా దగ్గర ఉంటుంది. గుమస్తా సెలవులో ఉంటాడు.

కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తే లోపల మైక్రోస్కోపు కనిపిస్తుంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు! ముప్పై ఆరు బీకర్లు కొన్నారట, ఇవాళ్టికీ ముప్పై ఆరూ భద్రంగా ఉన్నాయి. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మురిసిపోయి మెచ్చుకోలు కాగితం రాసిచ్చాడు. పిల్లలు వాడి ఉంటే ఆ కాగితం వచ్చేదా?

మరి ప్రయోగాలు ఎలా చేస్తారని మీ సందేహం. చేయరు. రాస్తారు.

సైన్సు మాస్టారు బోర్డు మీద ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అని రాసుకుంటూ పోతారు. నలభై మందీ రికార్డు పుస్తకంలోకి ఎక్కించుకుంటారు. నలభై మందికీ ఒకే ఫలితం! ఎంతెంతో పెద్ద సైంటిస్టులు ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్నా కుదరని ఏకాభిప్రాయం మా బడిలో గంట కొట్టేలోపు కుదురుతోంది. పొగ లేదు, వాసన లేదు, వేళ్ళు కాలవు. లోలకం ఊగకుండానే లెక్క తేలిపోతుంది. విత్తనం నాటకుండానే మొలక బొమ్మకి ఆకుపచ్చ రంగు పడిపోతుంది. ఉల్లిపొరని మైక్రోస్కోపులో చూడడం దేనికి? పక్కవాడి పుస్తకంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంటే!

ఇంతకీ సైన్సంటే ఏమిటి? పుస్తకం మొదటి పేజీలోనే బాక్సు కట్టి ఇచ్చారు. పరిశీలన వల్ల, ప్రయోగం వల్ల సంపాదించిన క్రమబద్ధమైన జ్ఞానమే సైన్సట. పిల్లలు ఆ వాక్యాన్ని కళ్ళు మూసుకుని గడగడా అప్పజెబుతారు. పరిశీలన గురించి కళ్ళు మూసుకుని చెప్పగలగడం కన్నా ఘనకార్యం ఇంకేముంటుంది?

ఇంత చక్కని ఏర్పాటుకి మా అమ్మాయి గండి కొట్టింది.

దానికి పద్నాలుగేళ్ళు. ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు, 'ఎందుకమ్మ' అంటారు. ఆ పేరు పెట్టింది మా అమ్మ. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఈ మనవరాలు "ఎందుకు?" అనకుండా ఒక్క ముద్ద మింగలేదని ఆవిడ ఫిర్యాదు.

నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో కనుక్కునే పాఠం వచ్చింది. మాస్టారు ఫలితం దగ్గర వంద డిగ్రీలు అని రాశారు. అందరూ రాసుకున్నారు. ఇది మాత్రం ఇంటికొచ్చి, పాలగిన్నె నిండా నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టింది! థర్మామీటరు ఇచ్చిన పాపం నాదే. నేను పనిచేసేది కూరగాయల కోల్డ్ స్టోరేజీలో. అక్కడ ఎవరు ఎందుకు కొన్నారో గాని, నూట పది దాకా గీతలున్న గాజు థర్మామీటరొకటి డ్రాయర్లో పడి ఉంది. పిల్ల ముచ్చట పడుతుందని తెచ్చిచ్చాను.

నీళ్ళు మరిగాయి. తొంభై ఏడు. మళ్ళీ పెట్టింది. తొంభై ఏడు. వాళ్ళమ్మ "గ్యాసు అయిపోతుందే తల్లీ!" అని మొత్తుకుంటున్నా మూడోసారీ పెట్టింది. తొంభై ఏడే. అదే రికార్డులో రాసి, ఊరుకోవచ్చు కదా, కింద "ఎందుకు?" అని ఒక ప్రశ్న కూడా తగిలించింది.

మాస్టారు ఆ తొంభై ఏడుకి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, 'తప్పు. తిరిగి రాయాలి' అన్నారు. సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే రికార్డు చెల్లదు. రికార్డు చెల్లకపోతే ఇరవై మార్కులు హుళక్కి!

పరుగెత్తుకుంటూ వెళ్ళి మాస్టారిని కలిశాను. మంచి మనిషి. ఆరు సెక్షన్లకి ఒక్కరే.

"అమ్మాయి తెలివైందేనండీ," అన్నారు. "కాకపోతే ఇవాళ ఈ తొంభై ఏడు ఒప్పుకున్నాననుకోండి, రేపు నలభై మందీ నలభై రకాలుగా తెస్తారు. ఎందుకలా వచ్చింది సార్ అని మీద పడతారు. నేనెంతమందికని చెప్పను? పోనీ చేసి చూద్దామంటే, ల్యాబు తాళం నా దగ్గర లేదాయె!"

న్యాయమైన మాటే కదా! ఇంటికొచ్చి అమ్మాయిని కూర్చోబెట్టి నచ్చజెప్పాను.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల తల్లీ? హాయిగా వంద అని రాసేయ్. నన్ను చూడు. మా కోల్డ్ రూములో ఎంత చల్లగా ఉందో గంటగంటకీ చూసి రిజిస్టర్లో రాయాలి. నేనేం చేస్తా? పొద్దున పదింటికే సాయంత్రం దాకా నాలుగు, నాలుగు, నాలుగు అని రాసి పడేస్తా. పదకొండేళ్ళయింది, ఒక్కడంటే ఒక్కడు తప్పు పట్టాడా?"

"ఒక్కసారన్నా లోపలికెళ్ళి చూశావా నాన్నా?"

"నాలుగుండాలని రూలే ఉంటే ఇక చూడడమెందుకే?"

అది నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత రికార్డు తెరిచి వంద అని రాసింది. సంతకం పడింది. ఇరవైకి ఇరవై!

ఆ పైన మూడు వారాలు మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! "ఎందుకు" అన్న మాట వినపడితే ఒట్టు. పెట్టింది తింటుంది, చెప్పింది రాసుకుంటుంది, కుక్కిన పేనులా పడి ఉంటుంది. మా అమ్మ మాత్రం "పిల్లకి ఒంట్లో బాలేదేమోరా, ఒకసారి చూపించు" అని గొణిగింది. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం నిజంగానే బాగాలేకపోయింది. బడి నుంచి వస్తూనే మంచం మీద వాలిపోయింది. నుదురు పెనంలా కాలుతోంది. జ్వరం చూసే థర్మామీటరు నోట్లో పెట్టి, కాసేపాగి తీశాను. గీత కనపడక లైటు కిందికి తీసుకెళ్తున్నాను.

"ఎంతుందండీ?" అని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి జవాబు వచ్చింది. "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగమ్మా. బుక్కులో అంతే ఉంది. నాన్న చూడక్కర్లేదు."

కళ్ళు మూసుకునే చెప్పింది. వెటకారం కాదండీ. వెటకారమైతే నాకింత బాధ ఉండేది కాదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నూట మూడు!" అని అరిచాను.

అది మెల్లగా కళ్ళు తెరిచి, "చూసే చెప్తున్నావా నాన్నా?" అంది.

డాక్టరు మందులిచ్చాడు. మూడో రోజుకి దానికి తగ్గింది. నాకు తగ్గలేదు.

నాలుగో రోజు డ్యూటీకి వెళ్ళి, రిజిస్టర్ తెరిచి, అలవాటుగా పెన్ను తీశాను. మళ్ళీ జేబులో పెట్టేశాను. స్వెట్టర్ తగిలించుకుని కోల్డ్ రూములోకి నడిచాను. పదకొండేళ్ళలో మొదటిసారి! థర్మామీటరు ఎక్కడుందో కూడా తెలియక క్యారెట్ బస్తాల వెనక వెతుక్కోవాల్సి వచ్చింది. తొమ్మిది ఉంది. గంటాగి మళ్ళీ వెళ్ళాను. తొమ్మిదే. తొమ్మిదనే రాశాను.

సాయంత్రం మేనేజరు ఆ తొమ్మిదికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, 'తప్పు. తిరిగి రాయండి' అన్నాడు.

అందుకని పాఠకులారా, సిగ్గు విడిచి మాట మారుస్తున్నాను. ల్యాబులు తెరిపించండి! సైన్సు కోసం కాదు, నా బోటి తండ్రుల క్షేమం కోసం. ఆ ప్రయోగాలేవో బడిలోనే చేసుకునే వీలుంటే, పిల్లలు ఇంటికొచ్చి మనల్ని పరిశీలించరు.

ఆ రిజిస్టర్ పేజీని ఫోన్లో ఫోటో తీసుకొచ్చి మా అమ్మాయికి చూపించాను. దిండుకి చేరగిలబడి, ఎర్ర సున్నాని వేళ్ళతో పెద్దది చేసి మరీ చూసింది.

"నాలుగుండాలి కదా! తొమ్మిదెందుకుంది నాన్నా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

పక్కగదిలోంచి మా అమ్మ, "హమ్మయ్య! పిల్లకి నయమైందిరా" అంది.