ఎడంచేత్తో గీసిన ఇల్లు

స్కూళ్ళలో ఇచ్చే ఆర్ట్ ప్రాజెక్టుల్ని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ ప్రాజెక్టులే లేకపోతే, పెళ్ళయి పిల్లలు పుట్టిన మనుషులకు కళ అంటే ఏమిటో తెలిసేదా? చెప్పండి!

ఈ మాట దారినపోయే దానయ్య అంటున్నది కాదు. నేను ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారిని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నా చేతి కింద తయారైన కళాకారులు వందల్లో ఉన్నారు. వాళ్ళలో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

దీనికంతటికీ కారణం నేను రాసిన ఒక్క వాక్యం. సర్వీసులో చేరిన కొత్తలో పిల్లల డైరీల్లో ఇలా రాయించాను: 'మట్టితో పండు బొమ్మ సొంతంగా చేసి తీసుకురావాలి.' చక్కటి వాక్యమే కదా? కానీ అందులో కర్త లేడు. మన భాషలో కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది, కానీ పని నడవదు. ఎవరో ఒకరు చేయాలిగా! ఆ సాయంత్రం ఇంటింటా ఆ డైరీ చదివిన నాన్నలు చొక్కా చేతులు పైకి మడిచారు. కర్త, కర్మ, క్రియ అన్నీ తామే అయ్యారు. మట్టి తుడవడం అమ్మల కర్మ.

అప్పటినుంచి చూడండి, కళ ఎలా వర్ధిల్లిందో! ఒకటో తరగతికి వేలిముద్రలతో కోడిపిల్లను చేయమంటే ఒక్కో ముద్ర సీసా మూతంత ఉంటుంది. ఆరేళ్ళ పిల్లకు అంత బొటనవేలా? నేను అడగలేదు. పిల్లలు ఈ కాలంలో త్వరగా ఎదుగుతున్నారని సరిపెట్టుకున్నాను. రెండో తరగతికి రంగు కాగితాలు చేత్తో చింపి అంటించమంటే, స్కేలు పెట్టి చింపుకొచ్చారు. మూడో తరగతికి ఆపిల్ పండు చేయమంటే ఒక పళ్ళ డాక్టరమ్మ కొరికిన ఆపిల్ చేసి పంపింది. ఆ గాటు చూసి, కొరికినవాడి పై దవడలో రెండో పన్ను కాస్త వంకర అని చెప్పొచ్చు. అంత నైపుణ్యం!

ఇక నాలుగో తరగతి అట్టపెట్టెల ఇళ్ళ సంగతి చెప్పాలంటే ముందు బ్రిడ్జి నాన్న గురించి చెప్పాలి. ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు. పెద్దకొడుకు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పంపిన అట్ట ఇంటికి పునాది ఉంది, దూలాలున్నాయి, వాననీళ్ళు పోవడానికి గొట్టం ఉంది. మా స్కూలు ఆయా దాన్ని ఇప్పటికీ పారేయలేదు. స్టాఫ్‌రూములో నీళ్ళ క్యాను దాని మీదే ఉంటుంది.

ఈ ప్రాజెక్టుల వల్ల కుటుంబాలు ఎంత దగ్గరయ్యాయో తెలుసా? ఆర్నెల్లుగా మాటల్లేని మొగుడూ పెళ్ళాలు థర్మాకోల్ ముక్క దగ్గర మళ్ళీ మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఇక్కడ రాయలేను కానీ, మాట్లాడుకోవడమంటూ జరిగింది కదా! మా వీధి చివర స్టేషనరీ కొట్టాయన నేను కనిపిస్తే చాలు, బల్ల వెనకనుంచి లేచి నిలబడతాడు. "మాస్టారూ, వచ్చేవారం ఏ క్లాసుకి ఏంటి? దూదా, పుల్లలా? కాస్త ముందు చెబితే సరుకు తెప్పించుకుంటాగా!" అంటాడు. నా టైమ్‌టేబుల్ ఆయన కొట్లో గోడకు అంటించి ఉంటుంది.

ఒకసారి ఒక తాతగారు కర్ర టకటకలాడించుకుంటూ నా గదికి వచ్చారు.

"ఏమయ్యా మాస్టారూ, నాకు బి ఎందుకిచ్చావు?"

"మీకా? మీ మనవడికండీ."

"వాడి సంగతి వాడు చూసుకుంటాడు. ముందు నాకెందుకు తగ్గిందో చెప్పు. నెమలి తోకకి ఈకలు ఒక్కోటీ విడివిడిగా అంటించాను!"

నేను ఎ ఇచ్చి పంపాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో మార్కు కోసం తపించే విద్యార్థి ఏ మాస్టారికి దొరుకుతాడు?

పేరెంట్స్ మీటింగులో నేను ఎవరి మొహమూ చూడను. చేతులు చూస్తాను. పెన్సిల్‌తో చాలాసేపు గీసినవాళ్ళకు చిటికెన వేలి కింద అరచేతి అంచు నల్లగా మెరుస్తుంది. ఎంత కడిగినా ఓ పూట దాకా పోదు. ఏ బొమ్మ ఎవరిదో ఆ అంచు చెప్పేస్తుంది. కొందరు నాన్నలకు చెవి మీద గ్లిట్టర్ కూడా ఉంటుంది. పిల్లల చేతులు మాత్రం పాలతో కడిగినట్టు తెల్లగా ఉంటాయి.

మరి పిల్లలేం చేస్తారంటారా? వాళ్ళకూ పని ఉంది! "ఇందులో నువ్వేం చేశావురా?" అని బ్రిడ్జి నాన్న చిన్నకొడుకును అడిగాను.

"గమ్ మూత పట్టుకున్నాను సార్."

"ఇంకా?"

"మూత పెట్టింది కూడా నేనే."

చూశారా! ఎనిమిదేళ్ళకే బాధ్యత.

ఇలా అందరం సుఖంగా ఉన్న సమయంలో, ఈ ఏడాది మా హెడ్ మేడం చిత్రకళా ప్రదర్శన పెడతానన్నారు. జడ్జిగా బొమ్మల కాలేజీ ప్రొఫెసరు వస్తాడట. "మాస్టారూ, ఈసారి పిల్లలే చేయాలి. డైరీలో ఖచ్చితంగా రాయించండి," అన్నారు. నేను రెండు రోజులు కూర్చుని రాశాను. 'మా ఇల్లు అనే బొమ్మను పిల్లలే సొంతంగా గీసి, రంగు కాగితాలు అంటించి తీసుకురావాలి. పెద్దలు చేసినట్టు కనిపిస్తే మార్కులు ఉండవు.' ఈసారి కర్తను పెట్టాను. నా వ్యాకరణానికి నేనే మురిసిపోయాను.

కానీ తల్లిదండ్రులు మొదటి వాక్యం చదవలేదు. రెండో వాక్యంలో 'కనిపిస్తే' అనే మాట దగ్గర ఆగారు. అంటే, కనిపించకపోతే చాలు!

ఇక మొదలైంది చూడండి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత. కోతినే చేయాలని కూర్చుని అంత చెమటోడ్చినవాళ్ళను మాత్రం నేను ఇప్పుడే చూశాను! టైలరింగు చేసే ఒకమ్మ పాపం, వంకరగా కత్తిరించలేక ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది. "ఏం చేయను సార్, కత్తెర పడితే చెయ్యి దానంతటదే తిన్నగా పోతోంది," అంది. ఆ మాటలో ఎంత వేదన!

బ్రిడ్జి నాన్న ఊరుకుంటాడా? పదిరోజులపాటు ఆఫీసులో ఎడంచేత్తో గీయడం సాధన చేశాడు. పేరెంట్స్ గ్రూపులో ఒక పటం పెట్టాడు. కిటికీ పదకొండు డిగ్రీలు వంగాలట. తొమ్మిదైతే పెద్దలు గీసినట్టుంటుంది, పదమూడైతే ఇల్లు పడిపోతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా, పళ్ళ డాక్టరమ్మ ఇంకో సలహా ఇచ్చింది: "పిల్లలకు ఒత్తులు సరిగా రావు. 'మా ఇల్లు' అని కాకుండా 'మా ఇలు' అని రాయండి. నమ్ముతారు."

ప్రదర్శన రోజున హాల్లో నాలుగో తరగతి బొమ్మలు ఇరవై ఏడు. అందులో ఇరవై ఆరింటి మీద 'మా ఇలు' అని ఉంది. ఒకేరకం తప్పు ఇరవై ఆరుసార్లు! కిటికీలన్నీ ఒకే వైపుకు, ఒకే కోణంలో వంగి ఉన్నాయి. ఊరు ఊరంతా గాలివానలో చిక్కుకున్నట్టుంది. తల్లిదండ్రులు వెనక వరుసలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డారు.

ఇరవై ఏడో దాని మీద 'మా ఇల్లు' అని ఉంది, ఒత్తుతో సహా.

అది పిలకలది. ఆ పిల్ల అసలు పేరు రిజిస్టరులో ఉంది కానీ, రెండు పిలకలు నిటారుగా నిలబడి ఉంటాయని అందరం పిలకలు అనే పిలుస్తాం. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. బొమ్మలో ఒక్కటే గది ఉంది. అమ్మ డ్యూటీ బట్టల్లోనే కుర్చీలో నిద్రపోతోంది. ఒక చెప్పు కాలికే ఉంది, ఇంకోటి బోర్లా పడి ఉంది. కిటికీ తిన్నగా ఉంది.

ప్రొఫెసరుగారు దాని ముందు ఆగారు. "మేడం, ఇది పిల్లలు గీసింది కాదు. లైను చూడండి, ఎక్కడా తడబాటు లేదు," అన్నారు. మేడం నావైపు చూశారు. నేను పిలకల వైపు తిరిగాను.

"ఇది ఎవరు గీశారమ్మా?"

"నేనే సార్."

"నిజం చెప్పు. అమ్మా? మావయ్యా?"

"మాకు మావయ్య లేడు సార్."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళ అనుభవం నాది, నా దగ్గరా నాటకాలు? ఎర్ర పెన్ను తీసి అట్ట మీద 'పెద్దల చేయి పడింది' అని రాశాను. ఈ వాక్యం మాత్రం తప్పుల్లేకుండా వచ్చింది. పిలకలు ఏడవలేదు. తన బొమ్మ వైపు కాకుండా నా పెన్ను వైపు చూస్తూ నిలబడింది.

మొదటి బహుమతి బ్రిడ్జి నాన్న ఎడంచేతికి వచ్చింది. "ఈ అమాయకత్వం చూడండి! ఈ వంకర ఒకరు నేర్పితే వచ్చేది కాదు!" అన్నారు ప్రొఫెసరుగారు గద్గదంగా. బ్రిడ్జి నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. కప్పు పట్టుకుని ఫొటో దిగిన వాళ్ళబ్బాయి జేబులోంచి గమ్ మూత కింద పడింది.

సోమవారం పొద్దున నేను డ్రాయింగు గదిలో బొమ్మలు సర్దుతున్నాను. పిలకల బొమ్మ చేతికొచ్చింది. మొదటిసారి దాన్ని తీరిగ్గా చూశాను. అందులో ఒక బల్ల ఉంది. బల్ల అడుగుభాగం కనిపిస్తోంది! అడుగున ఎవరో అంటించిన చూయింగ్ గమ్ కూడా గీసి ఉంది. తలుపు గడియ చూసేవాళ్ళ కళ్ళకన్నా పైన ఉంది. నా జన్మలో నేను నా బల్ల అడుగు చూసింది లేదు. నేల మీద కూర్చుని గీసే నాలుగడుగుల మనిషికి తప్ప ఆ ఇల్లు అలా కనిపించదు. ఇన్నేళ్ళుగా అందరి చేతులూ చూసిన నేను, ఆ రోజు ఆ పిల్ల చెయ్యి చూడలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అంతలో ఆ పిల్లే వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక కాగితం. అరచేతి అంచు నల్లగా నిగనిగలాడుతోంది.

"సార్, ఒకటి అడగనా?"

"అడుగమ్మా."

"చిన్నపిల్లలు గీసినట్టు గీయడం నాకు రావట్లేదు సార్. నిన్నంతా గీశాను, మళ్ళీ తిన్నగానే వస్తోంది. నేర్పిస్తారా?"

"ఎందుకమ్మా?"

"అప్పుడు నేనే గీశానని నమ్ముతారుగా."

పాఠకులారా, ఇరవై రెండేళ్ళ సర్వీసులో బొమ్మలు నేర్పమని ఒక చిన్నపిల్ల నన్ను అడగడం అదే మొదటిసారి. అడిగింది ఇదీ! ప్రాజెక్టులు వరం కాదని ఇంకా అంటారా?

నేను ఆ పిల్లకేమీ నేర్పలేదు. నేర్పడానికేం మిగలలేదు. ఎర్ర సిరా మాట కొట్టేసి, ఆ బొమ్మను స్కూలు గేటు పక్కన నోటీసు బోర్డులో పెట్టి, కింద రెండు వాక్యాలు రాశాను: 'ఈ బొమ్మ గీసింది నాలుగో తరగతి పిలకలు. తప్పు చేసింది డ్రాయింగు మాస్టారు.' రెండింట్లోనూ కర్త ఉన్నాడో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పిలకలు వచ్చి చదివి, "సార్, 'మాస్టారు' పెద్దక్షరాల్లో రాయాల్సింది," అని వెళ్ళిపోయింది.

ఆ బొమ్మను తల్లిదండ్రులందరూ నిలబడి చూశారు. ఫొటోలు తీసుకున్నారు. ఇక వీళ్ళు మారతారని నేను సంతోషించాను. ఆ సాయంత్రమే ఫోను మోగింది. బ్రిడ్జి నాన్న.

"మాస్టారూ, ఇప్పుడు బల్ల అడుగు గీస్తే మార్కులొస్తాయట కదా! నేను బల్ల కిందే పడుకున్నాను. నడుం పట్టేసింది. ఎంత దూరం నుంచి చూడమంటారు?"

వెనకనుంచి వాళ్ళబ్బాయి గొంతు వినిపించింది. "నాన్నా, నేను అక్కడ సరిగ్గా పడతాను. నేను రానా?"

"మీరు బయటికి రండి సార్. వాణ్ణి లోపలికి పంపండి," అన్నాను.

"వాడు గీస్తూ కూర్చుంటే మరి గమ్ మూత ఎవరు పట్టుకుంటారండీ?"

"మీరు పట్టుకోండి," అన్నాను.