తొమ్మిది ముక్కల ఓటోరైనోలారింగాలజీ

పెద్దాసుపత్రిలో కొత్తగా పెట్టిన ఓటోరైనోలారింగాలజీ విభాగాన్ని తానే ప్రారంభిస్తాననీ, ఆ పేరు కాగితం చూడకుండా పలుకుతాననీ, తాను పలికేదాకా ఒక్క రోగినీ గుమ్మం దాటనివ్వొద్దనీ ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఉచ్చారణ మీద ఇంత పట్టుదల ఉన్న నాయకుణ్ణి నేనెన్నడూ చూడలేదు.

ఆ గుమ్మం ముందు బెంచీ మీద మా అమ్మతో కూర్చున్నాను కాబట్టి ఆయన కృషిని దగ్గరగా చూసే భాగ్యం కలిగింది. అమ్మకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిచెవి చీము పట్టింది. వారంలోగా వైద్యం జరక్కపోతే అదీ దక్కదని నర్సు చెప్పింది. కానీ ఉన్న ఒక్క డాక్టరుగారూ లోపల మంత్రిగారి నాలుకకు తర్ఫీదు ఇస్తున్నారు.

"చెవి, ముక్కు, గొంతు విభాగం అంటే సరిపోదా సార్?" అని మంత్రిగారి కార్యదర్శిని అడిగాను.

"అలా అంటే అందరికీ అర్థమైపోతుంది. ఇక మంత్రిగారు రావడం దేనికి?" అన్నారాయన జాలిగా.

మాటను విడగొట్టడానికి కమిటీ వేశారు. నాలుగు రోజుల చర్చ తర్వాత ఓ, టో, రై, నో, లా, రిం, గా, ల, జీ అని తొమ్మిది ముక్కలు తేలాయి. సీనియారిటీ ప్రకారం ముక్కకో అధికారిని వేశారు. సభలో ముందు వరుసలో కూర్చుని, వంతు రాగానే తన ముక్క రాసిన అట్ట పైకెత్తడం ఆయన డ్యూటీ. మంత్రిగారు కాగితం చూడనన్నారు గానీ అట్ట చూడననలేదు కదా!

అయిదో రోజు రిహార్సలు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాను బంట్రోతుతో.

"రిం గారు సెలవు పెట్టారండి."

"పక్కాయన ఎత్తకూడదా?"

"లా గారికి ఆ పవర్ లేదండి. ఫైలు పైకెళ్ళింది."

ఫైలు పన్నెండు రోజుల్లోనే దిగొచ్చింది. ఈలోగా అమ్మ, "గొణుగుతావేంట్రా, కాస్త గట్టిగా మాట్లాడు" అని నన్ను కసరడం మొదలుపెట్టింది.

ఇరవయ్యో రోజున సభ. మేం ఆఖరి వరుసలో కూర్చున్నాం. అట్టలు ఒక్కొక్కటీ లేచాయి. మంత్రిగారు తొమ్మిది ముక్కలూ పొల్లుపోకుండా పలికారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇంత బాగా నేర్పిన డాక్టరుగారిని అక్కడికక్కడే తన పేషీకి బదిలీ చేయించుకున్నారు. వచ్చే నెల ఇంకా పొడుగు పేరున్న విభాగం ఒకటి ప్రారంభించాలట.

అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

"అందరూ ఎందుకు లేచారురా? మంత్రిగారింకా మాట్లాడ్డం మొదలెట్టందే!"