రైల్వే లేని విలీనోత్సవం

ఆ ఉదయం ప్రసన్నకుమార్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మండల విద్యాధికారి శివనాగరాజు గారు బడి చూడటానికి వస్తారు. పిల్లలు నాటకం వేస్తారు. ఆయన మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకున్న ఊపులోనే "మా బడిని ఇంకో బడిలో కలపకండి సార్" అని ఒక ముక్క ఆయన చెవిన వేసేయాలి.

చిన్న బళ్ళన్నిటినీ పెద్ద బళ్ళలో కలిపేస్తున్నారన్న వార్త చింతగుంటపాలెంలో అప్పటికే గుప్పుమంది. మాస్టారి బాధ మాస్టారిది. బడికి ఎదురుగానే ఇల్లు కట్టుకున్నారు. మొదటి గంట కొట్టాక ఇంటికొచ్చి రెండో కాఫీ తాగి వెళ్ళే ఉద్యోగం ప్రభువు అందరికీ ఇవ్వడు. బడి దూరమైతే ఊళ్ళో ఆడపిల్లలు చదువు మానేసి తల్లుల వెంట కూలికి పోతారన్న దిగులు కూడా ఆయనకు లేకపోలేదు గాని, అది అధికారుల ముందు చెప్పడానికి దాచుకున్న దిగులు.

శివనాగరాజు గారి నాన్న రైల్వేలో గార్డని ఎవరో చెప్పారు. ఇంకేం, రైల్వేల మీదే నాటకం రాశారు మాస్టారు. ఒకప్పుడు దేశంలో ఒక్కో కంపెనీది ఒక్కో రైలు. ఒకరి పట్టాలు వెడల్పు, ఇంకొకరివి ఇరుకు. జనం దారిమధ్యలో దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని, వేరే కంపెనీ రైలెక్కాల్సి వచ్చేది. చివరికి ఆ కంపెనీలన్నీ కలిసి ఒకే పెద్ద రైల్వే అయ్యాయి. నాటకం ఆఖర్లో ఆ చిన్న కంపెనీలన్నీ చేతులు పట్టుకుని, "విడిగా ఉండి చివికిపోయేకంటే పెద్దదాంట్లో కలిసి పేరు తెచ్చుకుందాం!" అంటాయి. బడిని కలపొద్దని బతిమాలుకోబోయే మనిషి, కలిసిపోవడమే గొప్పని నాటకం రాయడమేమిటన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు. ఆయన కలల్లో వచ్చేది సన్మానాలే.

గేటుకు కట్టడానికి గుంటూరులో ఫ్లెక్సీ వేయించారు. "రైల్వేల విలీనోత్సవం" అన్నది పేరు. షాపతను ఫోన్ చేసి, "సార్, మీ ఫొటో ఇంత పెద్దగా కావాలంటే ఒక మాట తీసేయాలి" అన్నాడు. "అయితే రైల్వేల తీసెయ్" అన్నారు మాస్టారు. ఫొటో తీసేయడమన్నది ఆలోచించాల్సిన విషయమే కాదు.

పొద్దున్నే కట్టిన ఆ ఫ్లెక్సీలో మాస్టారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలతో "విలీనోత్సవానికి స్వాగతం" అని ఉంది. ఆయన భార్య లిడియా వాకిట్లోంచి చూసి, "ఏమండీ, బడి పోతున్నందుకు మీరు పండగ చేసుకుంటున్నట్టుందండీ" అంది.

"నీకు చరిత్ర తెలియదు."

"చరిత్ర సంగతి మీరు చూసుకోండి. నాకు తెలుగు చదవడం వచ్చు."

మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళ ఆటో అప్పుడే అటుగా వచ్చి ఆగింది. చదువొచ్చినావిడ ఒకరు ఫ్లెక్సీ పైకి చదవగానే నాంచారమ్మ కిందికి దూకింది. ఆమె మనవరాలు ఆ బళ్ళోనే చదువుతోంది.

"ఏందయ్యా మాస్టారా! బడి పోతుంటే ఏడవాల్సింది పోయి ఉత్సవం చేస్తన్నావా? పైగా దండం పెట్టి నవ్వుతన్నావే!"

"అయ్యో, అది బడి విలీనం కాదమ్మా, రైళ్ళ విలీనం!"

"ఒసేయ్, విన్నారటే! రైలు కూడా తీసేస్తారంట!"

ఊరి హాల్టులో ఆగేదే ఒక్క పాసింజరు. ఆ మాట బజారుకు చేరేసరికి టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి వచ్చారు. రైలెక్కబోతున్నవాళ్ళు వెనక్కి వచ్చారు. ఆడవాళ్ళు కొంగులు బిగించి గేటు ముందు బైఠాయించారు. సరిగ్గా అప్పుడే మలుపులో శివనాగరాజు గారి కారు కనిపించింది.

మాస్టారు క్షణంలో ప్లేటు తిప్పేశారు. అందులో ఆయనకు మంచి అనుభవముంది. "నేనూ మీ వైపే! విలీనం వద్దని గట్టిగా అరవండి!" అని జనానికి చెప్పి, లోపలికి పరుగెత్తి, "నాటకం ఆఖరు మారింది. ఎవరూ కలవొద్దు" అని పిల్లలకు చెప్పారు.

పెద్ద రైల్వే వేషం వేసిన మహిమ, "మరి చరిత్రలో కలిశాయి కదా సార్?" అంది.

"చరిత్ర పరీక్షలో రాద్దువుగాని. ఇప్పుడు నోరు మూసుకో."

శివనాగరాజు గారు జనం మధ్యలోంచి లోపలికొచ్చి కూర్చోగానే నాటకం మొదలైంది. మహిమ చేతులు చాచి "రండి, నాలో కలవండి" అంటే, చిన్న కంపెనీలన్నీ "మేం కలవం, పో!" అన్నాయి. గేటు దగ్గర జనం "విలీనం వద్దు!" అని హోరెత్తించారు. మాస్టారు ఆ హోరు వింటూ విజేతలా మీసం సవరించుకున్నారు.

శివనాగరాజు గారు ఆయన్ని పక్కకు పిలిచారు. "మా నాన్న గార్డని ఎవరు చెప్పారండీ మీకు? ఆయన బస్సు కండక్టరు. సరే, అది వదిలేయండి. నేనొచ్చింది మీ బడి తీసేయడానికి కాదు. చుట్టుపక్కల బళ్ళన్నీ తెచ్చి మీ దాంట్లో కలిపి పెద్ద బడి చేద్దామని. మీరే హెడ్మాస్టరు."

మాస్టారు గేటు వైపు పరుగెత్తారు. "ఆపండి! విలీనం కావాలనండి! విలీనం మంచిదే!"

"చూశారా, చూశారా!" అంది నాంచారమ్మ. "కారు దిగినాయన చెవిలో ఏదో చెప్పాడు, ఈయన అమ్ముడుపోయాడు. ఇంకా గట్టిగా అరవండే!"

అరిచారు. కిటికీ రెక్కలు అదిరేలా అరిచారు.

శివనాగరాజు గారు కారెక్కుతూ, "జనం ఇంత గట్టిగా వద్దంటుంటే నేనేం చేయనండీ? ఉప్పలదిన్నె వాళ్ళు పాపం గొడవేం చేయలేదు. బళ్ళన్నీ అక్కడే కలుపుతాం" అన్నారు.

"బళ్ళన్నీ అంటే... మాది కూడానా సార్?"

"అన్నీ అంటే అన్నీ కదండీ."

జూన్‌లో చింతగుంటపాలెం బడికి తాళం పడింది. ఉప్పలదిన్నె దూరమని ఆడపిల్లల్లో సగం మంది చదువు మానేశారు. అందులో నాంచారమ్మ మనవరాలు కూడా ఉంది. మాస్టారు దాచుకున్న దిగులు అలాగే మిగిలిపోయింది, చెప్పడానికి అధికారి దొరకలేదు. ఉప్పలదిన్నెలో ఆయనకు మూడో తరగతి ఇచ్చారు. కుర్చీ ఇంకా ఇవ్వలేదు.