ముసల్దానికి దమ్ము చాలదు

శనివారం పొద్దున్న బెవన్ ట్రెలోర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య గ్లెనిస్ నెట్‌బాల్ ఆటకు స్కోరు వెయ్యడానికి వెళ్ళగానే షెడ్డులో దూరి, తలుపు దగ్గరికి వేసి, ఒక్క ఫోను చేసుకోవాలి. ఆమె తిరిగి వచ్చేసరికి ఏమీ ఎరగనివాడిలా నిమ్మచెట్టుకు నీళ్ళు పోస్తూ కనిపించాలి. అంతే.

షెడ్డులో ఉన్నది అతని పసుపుపచ్చ ఫాల్కన్ కారు. ఎనిమిది సిలిండర్ల పాతకాలపు బండి. కడీనా ఊరి జనం మనిషి పేరైనా మరిచిపోతారు గాని దాని చప్పుడు మరిచిపోరు. బెవన్ దాన్ని ముద్దుగా "ముసల్ది" అంటాడు. కిందటి నెల వాలరూ రోడ్డు మీద ఒక కరెంటు కారు కిక్కురుమనకుండా వచ్చి ముసల్దాన్ని దాటేసింది. దాటేస్తే దాటేసింది, దాని వెనక సీట్లోని చంటివాడు బెవన్‌కు టాటా చెప్పాడు. ఆ రాత్రి నుంచి అతనికి ఒకటే ధ్యాస. ముసల్దాని ఇంజనుకు గాలి ఎక్కించి జోరు పెంచాలి.

దారులు రెండు. సూపర్‌చార్జర్ అయితే ఇంజను నెత్తినెక్కి కూర్చుని, బెల్టుతో తిరుగుతూ లోపలికి గాలి కుక్కుతుంది. కాలు నొక్కగానే బండి లంఘిస్తుంది. టర్బో అయితే కింద పొగగొట్టం పక్కన నక్కి, వదిలేసిన పొగతోనే తిరిగి అదే పని చేస్తుంది. కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. బెవన్ మనసంతా మొదటిదాని మీదే. కానీ అది బోనెట్ చీల్చుకుని నడినెత్తిన కొప్పులా కనబడుతుంది. కనబడిందా, అతని పరువు గంగలో కలిసినట్టే.

ఎందుకంటే ఆ ఊరి పాతకార్ల సంఘానికి అధ్యక్షుడు బెవనే. గాలి ఊదించుకున్న బండికి సంఘం ఏటా తీసే ఊరేగింపులో చోటు లేదని నిబంధన పెట్టిందీ అతనే. నాలుగేళ్ళ కిందట సూపర్‌చార్జర్ పెట్టించుకుని మురిసిపోతూ వచ్చిన సొంత బావమరిది రస్ పెన్‌హాల్‌ను గేటు దగ్గరే ఆపేశాడు. "సొంత ఊపిరి మీద నడవలేనిది బండి కాదురా, ఆస్పత్రి మంచం!" అన్నాడు అందరూ వినేలా. అందరూ నవ్వారు. రస్ బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి అక్కగారి గడప తొక్కలేదు. గ్లెనిస్ తన ఒక్కగానొక్క తమ్ముణ్ణి చూసుకోవాలంటే సూపర్‌మార్కెట్ ముందు, ట్రాలీల వరస దగ్గర చూసుకోవాల్సి వస్తోంది.

అందుకే బెవన్ తలుపేసుకుని గాలర్‌లో ఉండే టోన్యాకు ఫోను చేశాడు. పాత ఇంజన్లు బాగుచెయ్యడంలో ఆవిడది గట్టి చెయ్యి. ఎందుకైనా మంచిదని ఆవిడ నంబరును ఫోనులో "డాక్టర్" అని పెట్టుకున్నాడు.

"వయసైపోయింది దానికి," అన్నాడు గొంతు తగ్గించి. "గట్టు ఎక్కాలంటే రొప్పుతోంది. దమ్ము చాలట్లేదు... అవును, ఛాతీ విప్పాల్సిందే... ఒకటి పెడితే సరిపోతుందంటావా, రెండు కావాలా? పైన వద్దు, పైన పెడితే అందరికీ తెలిసిపోతుంది. లోపలే పెట్టెయ్. మరీ గాలి ఎక్కించకు, పాతది కదా, పగిలిపోతుంది... ఎన్నాళ్ళు ఉంటుందంటావ్? ... రెండేళ్ళేనా? సర్లే. గ్లెనిస్‌కి మాత్రం తెలియకూడదు. పాపం, తట్టుకోలేదు."

రేకుల కంచెకు అవతల పక్కింటి డెల్మా బట్టలు ఆరేస్తోంది. చేతిలోని దుప్పటి అలాగే తడిసి ముద్దగా ఉండిపోయింది. ఆవిడ క్లిప్పుల బుట్ట అక్కడే పారేసి బేకరీకి నడిచింది.

మధ్యాహ్నానికి గ్లెనిస్ వెలిగిపోతూ ఇంటికొచ్చింది. "బెవ్, నన్నివాళ నిలబడనివ్వలేదు తెలుసా! కుర్చీ వేశారు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. ఆట అయ్యాక పిల్లలంతా లేచి చప్పట్లు. ఇన్నేళ్ళకి నా విలువ తెలిసిందన్నమాట!"

వరండాలో ఇరుగుపొరుగు పెట్టి వెళ్ళిన, వెండికాగితం కప్పిన గిన్నెలు బారులు తీరి ఉన్నాయి. ఆప్రికాట్ కోడికూర, చీజు సాసులో ఉడికించిన చేపల మోర్నే, అన్నపు పాయసం. సంఘం మగవాళ్ళు నలుగురు వచ్చి, అడగకుండానే గడ్డి కోసి, కట్టెలు కొట్టి, బెవన్ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అధ్యక్షుడి మీద ఇంత అభిమానం ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని అతను కొంచెం పొంగిపోయాడు కూడా.

ఆదివారం డెల్మా వచ్చింది. గ్లెనిస్‌కూ ఆవిడకూ స్నేహం ఎంతో, పేస్టీల దగ్గర పగ అంత. మాంసం, బంగాళాదుంప, ఉల్లి కూరి కాల్చే ఆ పేస్టీలో కేరెట్ వెయ్యడం మహాపాపమని గ్లెనిస్ వాదం. వెయ్యకపోతే అది పిండిముద్దేనని డెల్మా వాదం. ఊరి పోటీలో ఇద్దరూ ఏటా దీని మీదే జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేస్తారు. అలాంటి డెల్మా గ్లెనిస్ చేతులు రెండూ పట్టుకుని, "ఇన్నేళ్ళూ మొండికేశాను గాని, గ్లెన్, నువ్వే రైటు. కేరెట్ వెయ్యకూడదు. నీ పేస్టీయే పేస్టీ," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

గ్లెనిస్ ఎవరికో ఫోను చేసి, పెట్టేసి, ఉన్నచోటే కూలబడింది. "బెవ్, నేను చచ్చిపోతున్నానా?"

"అదేం మాట?"

"డెల్మా కేరెట్ వద్దంది."

బెవన్ ముఖం కూడా పాలిపోయింది. ఆ ఊళ్ళో పోయేవాళ్ళకు తప్ప అలాంటి మాట ఎవరూ చెప్పరు.

"నువ్వు షెడ్డులో డాక్టరుతో మాట్లాడావటగా. ఇప్పుడే బేకరీ అమ్మాయికి ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఏడ్చేసింది. ఛాతీ విప్పుతారటగా. రెండేళ్ళేనటగా!"

గిన్నెలు, చప్పట్లు, దుప్పటి, కట్టెలు, అన్నీ ఒక్కసారిగా బెవన్ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. చెప్పెయ్యాలి. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట 'టర్బో'. దానితోపాటే గేటూ, ఆస్పత్రి మంచమూ, ఆ రోజు నవ్విన నవ్వులూ గుర్తొచ్చేసరికి ఆ మాట మింగేశాడు.

"నీకేం లేదు గ్లెన్. ఒట్టు," అన్నాడు.

"నీ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడితేనే అలా అవుతాయి," అంది ఆమె నిదానంగా. కాసేపు కిటికీలోంచి నిమ్మచెట్టును చూసి, "నా తర్వాత డెల్మాని చేసుకో, నాకేం బాధలేదు. కానీ ఆవిడ పేస్టీలు మాత్రం తినకు," అంది.

బెవన్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో అతను నోరు తెరవబోయేంతలో తలుపు తోసుకుని రస్ వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులా ఏదో పెద్ద మూట, పసిపిల్లను చుట్టినట్టు కంబళిలో చుట్టి ఉంది. దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. బల్ల మూలిగింది.

"అక్కా," అని, బెవన్ వైపు తిరిగాడు. "బావా, తీసేశాను. పొద్దున్నే కూర్చుని బోల్టు బోల్టూ విప్పేశాను. నీ నిబంధన నీదే, నువ్వే గెలిచావు. నాకిప్పుడు బండి కాదు, అక్క ముఖ్యం. ఈ ఏడు ఊరేగింపులో అక్కని పక్కన కూచోబెట్టుకుని ఒక్కసారి తిప్పనియ్యి చాలు."

కంబళి జారింది. లోపల తళతళలాడుతున్న సూపర్‌చార్జర్. బెవన్ నెల రోజులుగా కలలో చూస్తున్నది అచ్చం అదే. ఆ మెరుపులో తన ముఖం కనిపించింది. అంత అసహ్యంగా అది తనకు ఎప్పుడూ కనిపించలేదు.

"రస్, నేనొక మాట..."

ఫోను మోగింది. బల్ల మీద, అందరికీ కనబడేలా. తెర మీద "డాక్టర్".

బెవన్ చెయ్యి చాపాడు. గ్లెనిస్ చెయ్యి ముందుగా చేరింది. స్పీకరు కూడా నొక్కింది.

"డాక్టర్, ఇంకేం దాచొద్దు. ఆ వయసైపోయినదాన్ని నేనే. ఎన్నాళ్ళుంది నాకు?"

అవతల ఎక్కడో పానా కిందపడిన చప్పుడు. "చూడు తల్లీ," అంది టోన్యా, "నువ్వెవరో నాకు తెలీదు గాని, బోనెట్ ఎత్తి చూడకుండా నేనెవరికీ మాటివ్వను. బెవ్‌కి చెప్పు, జత టర్బోలు దొరికాయి. అడిగినట్టే కింద దాచిపెట్టేస్తా, పైకి కనబడవు. వాళ్ళ సంఘానికి ఎవడో చాదస్తపు అధ్యక్షుడున్నాడటగా, వాడు పక్కన నిలబడ్డా కనిపెట్టలేడు."

గ్లెనిస్ ఫోను పెట్టేసింది.

"వయసైపోయింది బండికి," అన్నాడు బెవన్ నేల చూపులు చూస్తూ. "దమ్ము చాలనిది బండికి. అధ్యక్షుడు... నేనే. చెప్పడానికి సిగ్గేసింది గ్లెన్. రస్, ఆ రోజు గేటు దగ్గర నేనన్నది... నీ బండి చూసి కుళ్ళుకుని అన్నాను. అప్పుడే నాకూ కావాలనిపించింది."

రస్ కంబళి తీసి సూపర్‌చార్జర్‌ను మళ్ళీ జాగ్రత్తగా చుట్టాడు, ఇంట్లో ఎవరో దానికి దిష్టి పెట్టినట్టు. మరిచిపోయిన పళ్ళెం కోసం తిరిగొచ్చిన డెల్మా గుమ్మంలోనే నిలబడిపోయి, "అయితే గ్లెన్‌కి ఏం లేదా?" అంది.

"లేదు."

"హమ్మయ్య. అయితే కేరెట్ మాట వెనక్కి తీసుకుంటున్నా."

అప్పుడు గ్లెనిస్ నవ్వింది. కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. నవ్వు ఆగాక లేచి, గిన్నెలన్నీ బెవన్ ముందు పెట్టింది. "తోము. తోమి, ఎవరి గిన్నె వాళ్ళింటికి నువ్వే తీసుకెళ్ళి, ఏం జరిగిందో నీ నోటితో చెప్పిరా. నడిచి. ఆ తర్వాత మా తమ్ముడి బండికి ఆ వస్తువు నీ చేత్తో బిగించు."

బెవన్ ఊరంతా నడిచాడు. గుమ్మం గుమ్మానికీ అదే కథ, అవే ఎర్రటి చెవులు. ఒక ఇంట్లో నవ్వారు, ఒక ఇంట్లో తలుపేశారు. గడ్డి కోసినవాడైతే గడ్డి తిరిగి అతికించమన్నాడు. సాయంత్రం రస్ షెడ్డులో బెవన్ బోల్టులు బిగించాడు. రస్ దీపం దగ్గరగా పట్టుకుని, "మెల్లిగా బావా, ఆస్పత్రి మంచం కదా, విరిగిపోతుంది," అన్నాడు.

బెవన్ ఆ నిబంధన ఎత్తేశాడు. ఆ ఏడు ఊరేగింపులో అందరికన్నా ముందు రస్ బండి నడిచింది, పక్క సీట్లో గ్లెనిస్. ఫాల్కన్‌కు ఇప్పటికీ దమ్ము చాలదు. గ్లెనిస్‌కు మాత్రం ఆ లోటు ఎప్పుడూ లేదు.