వదిన కంటే ముందు చేరిన టోపీ

నా రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోండి. నేను అక్షరాలు దిద్దేనాటికే నా పెద్ద మనవలు బడికి వెళ్తున్నారు. ఇప్పటికీ ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది. అయినా మా వదిన ఎల్డికా ఎక్కే విమానం కంటే ముందే ముగిస్తానని నమ్మకం.

వదిన మా ఆయన అక్క. డొమినికాలో చేమదుంపలు, సీమపనసకాయలు కొని ఆంటిగ్వా బజారులో అమ్ముతుంది. సరుకు పడవలో వస్తుంది, ఆమె విమానంలో వస్తుంది. ఆమె జీవితంలో సగం గాలిలోనూ మిగతా సగం విమానాశ్రయంలో బల్ల మీదా గడిచింది. ఆ విమానానికి అసలు పేరేదో ఉంది కానీ దీవుల్లో అందరూ దాన్ని 'రేపు' అనే పిలుస్తారు. మనిషి ఈరోజు దిగితే పెట్టె రేపు దిగుతుంది. అందుకే కావలసినవన్నీ ఒంటిమీదో ఒడిలోనో ఉండాలని వదిన నియమం. పెట్టెలో చిరిగిన తువ్వాళ్ళు మాత్రం వేసి ఇచ్చేది, కరిచే కుక్కకు ముందే ఓ ముద్ద విసిరినట్టు.

ఒక శనివారం మా అమ్మాయి జెలీనా కూతురికి ఆంటిగ్వాలో జ్ఞానస్నానం. మధ్యాహ్నం మూడింటికి. పిల్లని ఎత్తుకుని దాని తరపున ప్రమాణం చెప్పాల్సిన జ్ఞానతల్లి మా వదినే. ఆమెకు పిల్లల్లేరు. ఒక్క పిల్లకైనా దేవుడి ముందు జ్ఞానతల్లిగా తన పేరు చెప్పాలని ఎన్నో ఏళ్ళుగా ఆశ. అయితే అల్లుడి మేనత్త క్లోటిల్డా ఎందుకైనా మంచిదని అప్పటికే తెల్లగౌను కుట్టించుకుంది. "ఆ విమానాన్ని నమ్ముకుంటే పిల్ల పెళ్ళికి గానీ జ్ఞానస్నానం అవదు" అని వీధి వీధినా చెప్పింది.

వదిన పొద్దున్నే డొమినికాలో కొత్త గౌను తొడుక్కుంది. పూల టోపీ పెట్టుకుంది. రమ్ములో నానిన నల్లకేకు ఒడిలో పెట్టుకుని వెళ్ళాలనుకుంది. అంతలో ఇరుగుపొరుగు వచ్చారు. ఎలాగూ వెళ్తున్నావుగా అంటూ ఒకరు పొగబెట్టిన చేప, ఒకరు మిరపకాయ పచ్చడి సీసా, ఇంకొకరు జ్వరానికి ఆకుల కట్ట చేతిలో పెట్టారు. మా దీవిలో ప్రయాణమయ్యేవాళ్ళు కాదనకూడదు. కాదంటే మొహాన తలుపు వేసినట్టే. పెట్టెలో వేస్తే ఎప్పుడొస్తాయో తెలియదు. వదిన అన్నీ చేతులకూ మెడకూ తగిలించుకుని బయలుదేరింది.

అది చిన్న విమానం. సామానుతో పాటు మనుషుల్నీ తూస్తారు. తూకం దగ్గరుండే కర్ట్నీ ముల్లు చూసి నిట్టూర్చాడు.

"ఎల్డికమ్మా, పోయిన వారం కంటే ఒక పిల్లంత పెరిగారు."

"పెరిగింది నేను కాదు నాయనా, ఊరు. రాసుకో."

కాసేపటికి అతనే వచ్చి, విమానం బరువెక్కువైంది, ఒకరు ఆగి మధ్యాహ్నపు విమానంలో రావాలన్నాడు. అందరి కళ్ళూ వదిన మీద, ఆమెకు వేలాడుతున్న మూటల మీద పడ్డాయి. మధ్యాహ్నపు విమానం సంగతి ఆమెకు తెలియనిది కాదు. తాను తేలికైతే తన జోలికి రారనుకుంది. కేకు పక్కనున్న పంతులమ్మకు ఇచ్చింది. చేప ఒక సిస్టరమ్మకు, సీసా, ఆకులు ఇంకెవరికో పంచింది. క్రికెట్ ఆట చూడటానికి వెళ్తున్న ఒక పొడుగాయనకు చేతులు ఖాళీ లేక, టోపీ తల మీదే పెట్టింది. ఎవరూ కాదనలేదు, వాళ్ళూ దీవుల వాళ్ళే. తరువాత ఉత్త చేతులతో మళ్ళీ తూకమెక్కింది.

కర్ట్నీ ముల్లు చూశాడు, తన లెక్క చూసుకున్నాడు. "మీరు తగ్గారమ్మా. విమానం తగ్గలేదు."

"అయితే ఎవరాగాలి?"

"ఆఖర్న తూగినవాళ్ళు."

"ఆఖర్న తూగింది ఎవరు?"

"ఇప్పుడే దిగారుగా."

వదిన బల్ల మీద కూర్చుంది. కిటికీ అద్దంలోంచి తన టోపీ వెళ్ళిపోవడం చూసింది. పెట్టె కూడా అందులోనే వెళ్ళింది. ఇన్నేళ్ళలో మీ సామాను సమయానికి వెళ్ళడం ఇదే మొదలని కర్ట్నీ ఓదార్చాడట.

ఇక్కడ ఆంటిగ్వా విమానాశ్రయంలో గేటు దగ్గర నేను, జెలీనా, క్లోటిల్డా నిలబడ్డాం. ముందు సిస్టరమ్మ చేపతో వచ్చింది, వెనక పంతులమ్మ కేకుతో. ఆ తరువాత పూల టోపీ కనిపించింది.

"ఎల్డికా గడ్డం ఎప్పుడు పెంచింది?" అంది క్లోటిల్డా.

జెలీనా అది వినలేదు. దాని చూపు వదిన పెట్టె మీద ఉంది. పెట్టె ముందొచ్చిందంటే అత్తకేదో అయిందని బావురుమంది. దాన్ని చూసి సిస్టరమ్మ జపమాల తీసింది. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. చివరికి పొడుగాయన టోపీ తీసి నా చేతికిచ్చి, "బాగానే ఉందమ్మా. బల్ల మీద కూర్చుని అందరినీ తిడుతోంది" అన్నాడు.

"అయితే అత్తే" అని జెలీనా ముక్కు చీదుకుంది.

చర్చికి చేరేసరికి మూడయింది. మధ్యాహ్నపు విమానం ఇంకా రాలేదు. ఫాదర్ ఆగస్టిన్‌కు నాలుగింటికి ఒక పెళ్ళి ఉంది, ఆగలేనన్నాడు. క్లోటిల్డా తెల్లగౌను సర్దుకుని ముందుకొచ్చింది. జెలీనా ఆమె తల మీద పూల టోపీ పెట్టి, "పిల్లని మీరే ఎత్తుకోండి పెద్దమ్మా. ప్రమాణంలో పేరు మాత్రం అత్తది" అంది.

ఫాదర్ అడిగాడు. "జ్ఞానతల్లి తరపున ఏమేం వచ్చాయి?"

"కేకు, చేప, టోపీ, పెట్టె. మనిషి తప్ప అన్నీ వచ్చాయి, ఫాదర్" అన్నాను.

ఆయన కూడా ఆ విమానమే ఎక్కుతాడు. "మనిషి రేపు వస్తుందిలే. కానివ్వండి" అన్నాడు.

అలా క్లోటిల్డా టోపీ కింద చెమటలు కక్కుతూ, ఎల్డికా తరపున ప్రమాణమంతా ఎల్డికా పేరుతోనే గట్టిగా చెప్పింది. పిల్ల తెల్లగౌను మీద పాలు కక్కింది.

పొద్దువాలేసరికి వదిన నలిగిన గౌనుతో వచ్చింది. జరిగిందంతా వింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది.

"కేకు మిగిల్చారా మార్సీ?" అని నన్నడిగింది.

"ఒక ముక్క."

"చాలు. క్లోటిల్డాకి పెట్టు. మోసింది ఆవిడ."

మర్నాడు విమానం వాళ్ళు ఫోన్ చేశారు. పెట్టె, మనిషి విడిపోయారని తెలిసి చింతిస్తున్నామని చెప్పి, తప్పిపోయినదాని రంగేమిటి, చక్రాలున్నాయా అని అడిగారు.

మార్సెలీన్ జోసెఫ్, డెబ్బై ఒక్క ఏళ్ళు. ప్రస్తుతం ఉండేది ఆంటిగ్వా, సెయింట్ జాన్స్‌లో, కూతురింట్లో.