నదులకు తాళం వేయాలి

నదులు ఉండాల్సిన చోటు ఇనుప బీరువా. ఈ మాట తొందరపడి అనడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న లైబ్రరీలో ‘నదులు, కాలువల ప్రత్యేక విభాగం’ చూసి వచ్చి చెబుతున్నాను.

ఎంత క్రమశిక్షణ! పై అరలో కృష్ణ, కింది అరలో గోదావరి. ఎగువవాళ్లకూ దిగువవాళ్లకూ పంచాయితీ లేదు. మూసీ వాసన రాదు. మొన్నటి వానకు మా వీధిలో స్కూటర్లు తేలాయి. ఆ బీరువాలోంచి ఒక్క చుక్క బయటికి రాలేదు! అన్నిటికన్నా మేలు, అందులోని చెరువును పూడ్చి ప్లాట్లుగా అమ్మడం ఎవరి తరమూ కాదు. బయటి చెరువులకు ఈ భద్రత ఉందా?

ఆ పుస్తకాలు చదివేదెవరని మీరు అడగవచ్చు. ఎవరూ చదవరు. అందుకే అంత శుభ్రంగా ఉన్నాయి. అక్కడ ఊడ్చే ఎల్లమ్మ, “గా బీరువ తెరిసింది నేనైతే సూడలే టీచరమ్మా. పైన దుమ్ము దులుపుడే నా పని,” అంది.

తెరవడానికి ఒక రూల్ ఉంది. పుస్తకాన్ని ఇచ్చిన దాత ఫారం మీద సంతకం పెట్టాలి. ఎంత ముందుచూపు! ఇచ్చేసినవాళ్లకు తప్ప ఆ పుస్తకం ఇంకెవరికి కావాలి?

నాకు కావలసింది ఒక నోటుబుక్. మా ఆయన సీతారాములు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. ఇక్కడి నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఏ చెరువు నిండితే నీళ్లు ఎటు పారతాయో ఇరవయ్యేళ్లు తిరిగి రాసుకున్నారు. పదిమందికి పనికొస్తుందని లైబ్రరీకి ఇచ్చారు. ఆయన పోయి ఏడు నెలలు. ఇంట్లో ఆయన చేతిరాత పాస్‌బుక్ మీది సంతకం ఒక్కటే మిగిలింది.

లైబ్రేరియన్ పట్టాభిగారు మర్యాదస్తులు. మా ఆయన రాలేరని చెప్పాను. 

“పర్లేదండీ, తొందరేముంది? వీలు చూసుకునే రమ్మనండి,” అన్నారాయన.

ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చిన పిల్లల్ని ముప్పయ్యేళ్లు బెంచీ ఎక్కించినదాన్ని. పాస్‌బుక్ ముందు పెట్టుకుని మూడు రోజులు ప్రాక్టీస్ చేశాను. చివరి అక్షరం దగ్గర చెయ్యి వణికేది. ఆఖరి రోజుల్లో ఆయనకూ అక్కడే వణికింది. అదే కలిసొచ్చింది.

పట్టాభిగారు ఫారం చూసి బీరువా తాళం తీశారు. “చూశారా అండీ, రూల్ ప్రకారం వస్తే ఎంత సులువో! సార్‌కి నా నమస్కారాలు చెప్పండి.”

నోటుబుక్ తెరిచాను. మొదటి పేజీలో మా వీధి ఉంది. దాని మీదుగా నీలం ఇంకుతో కాలువ, పక్కన ‘ఇక్కడ కట్టడాలు వద్దు’ అని ఆయన రాత.

నమస్కారాలు అక్కడే చెప్పాను.